పనసమెట్ట స్టేషన్లో పద్నాలుగో నంబరు వస్తువు

నాలుగూ పాతిక బండి పనసమెట్టలో ఆగదు. ఆగకపోవడంలోనే దాని అందమంతా ఉందంటాడు నూకరాజు.

"ఆగే బండిలో చూడ్డానికేముందండీ? గేదెలాగ నిలబడుద్ది, బుసకొడుద్ది, పోద్ది" అని అతని వాదన. ఆగని బండి అలా కాదు. ముందు పట్టాలు సన్నగా కూనిరాగం తీస్తాయి. తర్వాత స్టేషన్ కప్పు మీద పెంకులు గలగలలాడతాయి. పావురాలన్నీ ఒకేసారి లేస్తాయి. ఇంజను కనపడ్డమూ మీదికి రావడమూ ఒకటే. ఆ గాలికి చొక్కా బొత్తాలు ఊడొస్తాయేమో అనిపిస్తుంది. ఇరవై రెండు పెట్టెల జనం మొహాలు కలిసిపోయి ఒకే మొహం అయిపోతాయి. ఆఖరి పెట్టెలో గార్డు. అంతే. ఇరవై సెకన్లు.

ఈ గార్డు సంగతి తెలియని వాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. బండి ఆగని స్టేషన్లో కూడా స్టేషన్ మాస్టారు ప్లాట్‌ఫాం మీదకొచ్చి పచ్చజెండా పట్టుకుని నిలబడాలి. బండి వెనకాల గార్డు కూడా పచ్చజెండా చూపించాలి. "నీవైపు బాగుందా?" "బాగుంది. మీవైపు?" "బాగుంది." ఇద్దరు మనుషులు మాట లేకుండా క్షేమసమాచారం అడిగి చెప్పుకోవడం అన్నమాట. కొన్ని ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఈ మాత్రం ఉండదు.

నూకరాజు రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. పంతొమ్మిదేళ్ళ కిందట, షిఫ్టు దిగి ఊరికే బండి చూద్దామని ఒకరోజు స్టేషన్‌కొచ్చేడు. పక్కన పెద్దమనిషి జెండా పట్టుకుని నిలబడితే తను చేతులు కట్టుకు కూర్చుంటే ఏం మర్యాద? భుజం మీద మిల్లు యజమాని పెట్టిన పచ్చతువ్వాలుంది. లేచి నిలబడి అది పైకెత్తేడు. గార్డు చూసేడు. ఇద్దరికీ కలిపి జెండా ఊపేడు. బాయిలర్ ముందు ముప్పయ్యేళ్ళు నిలబడ్డవాణ్ణి "బాగున్నావా" అని అడిగిన మొదటి ఆఫీసరు ఆయనే. ఆ రోజు నుంచి మిల్లు మూసేసినా సరే, నూకరాజు మానలేదు. రోజూ నాలుగింటికి ప్లాట్‌ఫాం టికెట్టు కొనుక్కుని మరీ వచ్చేవాడు.

ఇంతలో స్టేషన్‌కి వయసు మీదపడింది. నూటముప్పయ్యేళ్ళు దాటిందని ఎవరో లెక్కగట్టి, వారసత్వ కట్టడం అన్నారు. డివిజన్ నుంచి చక్రపాణిగారని ఒక వారసత్వాధికారి, ఒక ఫొటోగ్రాఫరుతో దిగేరు. రాతి కమానులు, పట్టా ముక్కతో చేసిన గంట, తూకం మిషను, టేకు బల్ల... పదమూడు వస్తువులకి రిజిస్టర్లో నంబర్లేసి ఫొటోలు తీయించేరు. ప్లాట్‌ఫాం మొత్తం ఒక ఫొటో తీసేటప్పుడు నాలుగూ పాతిక వచ్చింది. నూకరాజు తువ్వాలెత్తేడు. "మాస్టారూ, ఇటోసారి చూడండి!" అని ఫొటోగ్రాఫరు కేకేస్తే, పాపం మర్యాదస్తుడు కదా, తువ్వాలు అలాగే పట్టుకుని ఇటు తిరిగేడు.

బండి పోయేక చక్రపాణిగారు దగ్గరికొచ్చేరు.

"తమరు ఎవరి నిమిత్తం వచ్చారు?"

"బండి నిమిత్తమండి."

"బండిలో ఎవరి నిమిత్తం?"

"బండిలో ఎవరూ లేరండి. బండే."

చక్రపాణిగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ప్లాట్‌ఫాం టికెట్టు అనునది రెండు ఉద్దేశాలకి మాత్రమే జారీ చేయబడును. ప్రయాణీకులను సాగనంపుట. ప్రయాణీకులను స్వాగతించుట. సదరు రెండింటిలో తమరిది ఏది?"

నూకరాజు అబద్ధమాడే రకం కాదు. నిజంగానే ఆలోచించేడు. "సగం సగమండి. ఇంజనొచ్చేటప్పుడు స్వాగతం. గార్డుగారు వెళ్ళేటప్పుడు సాగనంపడం. మొత్తం ఇరవై సెకన్లలో అయిపోద్దండి."

స్టేషన్ మాస్టారు ప్రసన్నకుమార్‌గారు మధ్యలో కల్పించుకున్నారు. "సార్, పాపం ఆయన ఎవరి జోలికీ పోడండి. రైళ్ళు చూసుకుని పోతాడు."

"చూచుట ఒక ఉద్దేశం కాదు మిస్టర్ ప్రసన్నకుమార్. చూచుట కేవలం కళ్ళు తెరిచి ఉండుటవల్ల కలుగు ఫలితం."

మర్నాడు నోటీసుబోర్డు మీద కాగితం పడింది. పనసమెట్ట వారసత్వ స్టేషన్ ఆవరణలోకి ఉద్దేశరహిత వ్యక్తుల ప్రవేశం నిషిద్ధం. కింద ఉదాహరణకి అని రాసి, నూకరాజు పేరు.

"ఉద్దేశరహితం అంటే ఏంటి?" అనడిగింది అతని పెళ్ళాం సూరమ్మ.

"పనీపాటా లేనోడని."

"అది చెప్పడానికి డివిజన్ నుంచి రావాలా? నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

*

ఆ సాయంత్రం నూకరాజు అరుగు మీద కూర్చున్నాడు. చెవులు మాత్రం స్టేషన్లో ఉన్నాయి. పట్టాలు పాడేయి. ఇంజను కూతేసింది. ఇంక పెంకులు గలగలమనాలి. అనలేదు. దాని బదులు ఏనుగు పళ్ళు నూరినట్టు పెద్ద కీచుమన్న చప్పుడు.

"ఓలమ్మో, ఆగింది!" అని లేచి, స్టేషన్ పక్కన కంచె దాకా పరిగెత్తేడు.

నాలుగూ పాతిక నిజంగానే పనసమెట్టలో నిలబడుంది. గార్డు కిందకి దిగి ప్రసన్నకుమార్‌గారితో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఇక్కడ రెండో పచ్చ ఏదండీ?"

"రూలు ప్రకారం ఒకటే జెండా కదండీ. చూపించేను కదా."

"రూలు సంగతి నాకూ తెలుసండి. కానీ నాకు ఈ లైను నేర్పిన గార్డుగారు ఏం చెప్పేరంటే, పనసమెట్టలో రెండు పచ్చలు కనపడాలి, ఒక జెండా, ఒక తువ్వాలు. పన్నెండేళ్ళుగా రెండే చూసేను. ఇవాళ దూరం నుంచి తొంగిచూస్తే ఒకటే ఉంది. ఏమైందో ఏంటో, బండి కింద ఏదైనా వేలాడుతోందేమో, ఆయనేమైనా పడిపోయేడేమో, నాకేం తెలుసు? డ్రైవరుకి చెప్పి ఆపించేను. అనుమానమొస్తే ఆపమనే కదా మీ రూలు?"

అది రూలే.  ప్రసన్నకుమార్‌గారు జవాబు వెతుక్కునే ఆరు నిమిషాల్లో పదిమంది బండెక్కేరు. పనసతొనలమ్మే ఇద్దరాడవాళ్ళు మూడు పెట్టెలు చుట్టొచ్చి బుట్టలు ఖాళీ చేసుకున్నారు.

మర్నాడు వేరే గార్డు. అదే ప్రశ్న. మూడో రోజు ఇంకో గార్డు. అదే ప్రశ్న. ఆ లైనులో గార్డులందరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నవాళ్ళే. పుస్తకంలో లేనిదే బాగా గుర్తుంటుంది కదా ఎవరికైనా.

నాలుగో రోజు ఎరువుల కొట్టు బుల్లబ్బాయిగారు నూకరాజు ఇంటికొచ్చేరు. చేతిలో చక్రకేళీ గెల, భుజం మీద శాలువా. ఆయన పనసమెట్ట హాల్టు సాధన సమితికి అధ్యక్షుడు. నాలుగూ పాతిక బండిని ఊళ్ళో ఆపించాలని ముప్పయ్యొక్కేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. సమితి పుట్టినప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు జుట్టు లేదు గానీ సమితి ఉంది.

"నూకరాజూ, ఏం మనిషివయ్యా నువ్వు! మేం ముప్పయ్యొక్కేళ్ళు తిరిగి తిరిగి సాధించలేనిది, నువ్వు ఇంట్లో కూర్చుని సాధించేవు!" అని శాలువా కప్పేరు.

"నేనేం చెయ్యలేదండీ బాబూ."

"అదే! అదే చెయ్యి! ఏమీ చెయ్యకు. ఊరికి నువ్వు చెయ్యగలిగిన సేవ అదొక్కటే. మా కోడలు నిన్న ఆసుపత్రికి ఆ బండిలోనే వెళ్ళొచ్చింది తెలుసా? బస్సులో అయితే రెండు మార్పులు."

నూకరాజుకి ఆ మాట గుచ్చుకుంది. ఊరికి మేలు జరుగుతోందంటే కాదనే మనిషి కాడు. కానీ లోపల ఏదో తెగిన బాధ.

"అదికాదండీ బుల్లబ్బాయిగారూ... ఆగిపోతే బండి, ఇంకెలా చూస్తామండీ దాన్ని?"

"ఆగితేనే కదయ్యా చూసేది!"

ఇద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు.

*

అక్కడ డివిజన్లో గగ్గోలు. రోజూ ఆరు నిమిషాలు ఆలస్యం. చక్రపాణిగారు మొదట గార్డులందరికీ ఒక హెచ్చరిక పత్రం జారీ చేయించేరు. 'పనసమెట్టలో పచ్చతువ్వాలు వ్యక్తి లేడు. లేకపోవుట సహజం. ఆందోళన చెందరాదు.' బాగానే ఉంది. కానీ ఆ పత్రానికి అచ్చేసిన ఫారం ఒకటుంది. అందులో 'వేగం ఎంతకు తగ్గించాలి' అని ఒక గడి. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం చెల్లదు. ఎక్కడో ఒక గుమస్తా ఆలోచించి ఇరవై అని వేసేడు. దాంతో నాలుగూ పాతిక మూడు కిలోమీటర్ల ముందు నుంచీ పెళ్ళి ఊరేగింపులాగ నడిచొచ్చి, అయినా అనుమానం తీరక ఆగి, అడిగి, మళ్ళీ నడిచి వెళ్ళడం మొదలెట్టింది. ఆలస్యం పాతిక నిమిషాలైంది.

చక్రపాణిగారు పరిగెత్తుకొచ్చేరు. నూకరాజుని పిలిపించేరు. ప్రసన్నకుమార్‌గారి గదిలో సమావేశం.

"తమరు తక్షణం యథాస్థానంలో నిలబడవలెను."

"అలాగేనండీ!" నూకరాజు మొహం వెలిగిపోయింది. "టికెట్టు కొనుక్కొచ్చేస్తానండి."

"కుదరదు. టికెట్టుకు ఉద్దేశం ఉండవలెను. తమరికి లేదు."

"పోనీ ఎవర్నో ఒకర్ని సాగనంపుతానండి. మా ఆవిణ్ణి ఎక్కించేస్తాను."

"ఎక్కించవలెనన్న బండి ఆగవలెను. బండి ఆగకుండా ఉండుటకే కదా తమరిని రప్పించినది?"

నిజమే. గదిలో ముగ్గురూ కాసేపు ఫ్యాను వైపు చూసేరు. ఉద్దేశం లేకుండా మనిషి లోపలికి రాకూడదు. మనిషి లోపల లేకపోతే బండి వెళ్ళదు. బండి ఆగితే మనిషికి ఉద్దేశం వస్తుంది గానీ, అప్పుడు మనిషి అక్కర్లేదు.

చక్రపాణిగారు చటుక్కున రిజిస్టరు తెరిచేరు. ఆ రోజు తీసిన ఫొటో. గంట, బల్ల, తూకం మిషను, మధ్యలో తువ్వాలెత్తి నవ్వుతూ నూకరాజు.

"మిస్టర్ ప్రసన్నకుమార్! ప్లాట్‌ఫాం టికెట్టు నిబంధన ఎవరికి వర్తించును?"

"వ్యక్తులకండి."

"వస్తువులకు?"

"వస్తువులకెందుకండీ?"

"అదీ!" అని చక్రపాణిగారు బల్ల గుద్దేరు. "పరిశీలన నాటికి ఆవరణలో ఉన్నవన్నీ వారసత్వ సంపదే. ఫొటో సాక్ష్యం ఉన్నది. పొరపాటున నమోదు కాలేదు. రాసుకోండి. పద్నాలుగు. పచ్చతువ్వాలు గల నిలువు మనిషి. ఒకటి. స్థితి, వాడుకలో ఉన్నది."

"నేను వస్తువునాండీ?" అనడిగేడు నూకరాజు.

"వారసత్వ వస్తువు" అని సరిదిద్దేరు చక్రపాణిగారు. "ఎంతమందికి వచ్చును ఈ గౌరవం?"

నూకరాజు ఎక్కువ ఆలోచించలేదు. మనిషిగా గేటు బయట ఉండడం కంటే వస్తువుగా గేటు లోపల ఉండడమే నయం అనుకున్నాడు. సంతకం పెట్టబోతే, వస్తువులు సంతకం పెట్టరాదని ప్రసన్నకుమార్‌గారి చేత పెట్టించేరు.

*

మొదటి రోజు పండగలా వెళ్ళేడు. మెడలో 14 అని రాసిన రేకు బిళ్ళ వేసేరు. బల్ల పక్కన సున్నంతో గుండ్రంగా గీసి అందులో నిలబెట్టేరు. పట్టాలు పాడేయి. నూకరాజు తువ్వాలు సర్దుకుని పట్టాల వైపు తిరిగేడు.

"అటు కాదు! ఇటు!" చక్రపాణిగారు ఫొటో చూపించేరు. "రిజిస్టరులో ఉన్న భంగిమ ఇది. ముఖం తూర్పుకు, సందర్శకుల వైపు. భంగిమ మార్చిన యెడల వారసత్వ విలువ నశించును."

ఫొటోగ్రాఫరు పిలిచినప్పుడు మర్యాదకి ఇటు తిరిగిన పాపం అది.

నాలుగూ పాతిక అతని వీపు వెనకనుంచి వెళ్ళిపోయింది. పెంకులు గలగలమన్నాయి, గాలి చొక్కాని ముందుకి తోసింది. నూకరాజు తువ్వాలెత్తి గోడ కేసి చూస్తూ నిలబడ్డాడు. గోడ మీద 'ఉమ్మివేయరాదు' అని ఉంది. ఇరవై సెకన్లూ అదే చదివేడు. గార్డు జెండా ఊపేడో లేదో తెలీలేదు.

గార్డులు మాత్రం సంతోషించేరు. రెండు పచ్చలు కనపడుతున్నాయి. బండి మళ్ళీ రివ్వున వెళ్తోంది. డివిజన్లో చక్రపాణిగారిని మెచ్చుకున్నారు. సందర్శకులు రావడం మొదలెట్టేరు. గంట పక్కన ఒక ఫొటో, నూకరాజు పక్కన ఒక ఫొటో.

"ఇది మాట్లాడుద్దా?" అనడిగిందొకావిడ ప్రసన్నకుమార్‌గారిని.

"మాట్లాడతానమ్మా" అన్నాడు నూకరాజు.

"అబ్బ, భలే చేసేరు!" అందావిడ.

పద్ధతులు పెరిగేయి. గెడ్డం గీసుకుంటే ఫొటోకీ మనిషికీ తేడా వస్తుందని, ఎంత ఉండాలో స్కేలుతో కొలిచేరు. పన్ను నెప్పెడితే, వారసత్వ వస్తువులోంచి ఏ భాగమూ తొలగించరాదని, పీకించుకోడానికి కమిటీ అనుమతి కోసం రాసేరు. ఆ ఉత్తరానికి జవాబొచ్చేలోగా పన్నే ఊడిపోయింది. దాన్ని కవర్లో పెట్టి '14-అ' అని నంబరేసేరు. రాత్రిళ్ళు ఇంటికి పంపాలి కాబట్టి, 'భద్రత నిమిత్తం వస్తువు అప్పగింత' అని రోజూ సూరమ్మ చేత చీటీ మీద సంతకం పెట్టించుకునేవారు.

ఒక నెల చూసింది సూరమ్మ. మొగుడు అన్నం సరిగ్గా తినడం లేదు. ఎప్పుడూ వాగే మనిషి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు.

"ఏంటయ్యా? కావాలన్న స్టేషన్లోనే ఉన్నావు కదా రోజంతా?"

"ఉన్నాను. ఏం లాభం? అడుగున్నర దూరంలో బండెళ్ళిపోద్ది, నా మొహం గోడకి. వెనకాల్నుంచి వాడు 'బాగున్నావా' అంటున్నాడు. వెనక్కి తిరిగి 'బాగున్నాను' అనలేకపోతన్నాను. మనిషి పలకరిస్తే తిరిగి చూడకపోవడం... అంత పొగరు నాకెప్పుడుందే?"

 మర్నాడు చీటీ మీద సంతకం పెడుతూ సూరమ్మ ప్రసన్నకుమార్‌గారిని అడిగింది. "బాబూ, మీ స్టేషన్లో పాడైపోయిన సామాన్లు ఏం చేస్తారండి?"

"కండెం చేస్తామమ్మా. పనికిరాదని రాసి రిజిస్టర్లోంచి కొట్టేస్తాం. తర్వాత వేలం."

"అయితే మా ఆయన్ని కండెం చేసెయ్యండి."

ప్రసన్నకుమార్‌గారు పెన్ను మూత పెట్టడం మర్చిపోయేరు. "దానికి లోపాలుండాలమ్మా. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి పరీక్షిస్తుంది."

"రమ్మనండి. లోపాలు నేను చెప్తాను."

*

కమిటీ వచ్చింది. చక్రపాణిగారు, ఇంకో ఇద్దరు. సూరమ్మ చెంగు బిగించి మొదలెట్టింది.

"ఎడమ మోకాలు పట్టేసిందండి. రాసుకోండి. కుడి చెవి వినపడదు, ముఖ్యంగా నేను కూరగాయలు తెమ్మన్నప్పుడు. గురక. అది మామూలు గురక కాదు, మీ గూడ్సుబండి ఎత్తెక్కుతున్నట్టుంటది. ఒకచోట పెట్టింది ఇంకోచోట వెతుకుతాడు. ఉప్పెక్కువైందంటాడు, తగ్గిస్తే చప్పగుందంటాడు..."

"నెమ్మదిగా అమ్మా" అన్నాడు రాసుకుంటున్న సభ్యుడు.

"పెళ్ళైన కాడ్నుంచీ చెప్తున్నాను బాబూ. రాసుకునేవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికేరు."

సున్నం గీతలో నిలబడ్డ నూకరాజుకి తల కొట్టేసినట్టయింది. "ఏంటే ఇది, పదిమందిలో..."

"నువ్వు మాట్లాడకు. వస్తువ్వి."

చక్రపాణిగారికి మాత్రం మనసొప్పలేదు. "ఈ లోపాలన్నియూ వయసుతో సహజం. వారసత్వ వస్తువుకి వయసే కదా విలువ?"

సరిగ్గా అప్పుడే పట్టాలు పాడేయి. నూకరాజు ముందు గోడకేసి చూసేడు, ఉమ్మివేయరాదు అని చదువుకున్నాడు. తర్వాత ఏమైందో, కమిటీ ముందే, అందరూ చూస్తుండగానే గిరుక్కున వెనక్కి తిరిగిపోయేడు.

కమిటీలో పెద్దాయన లేచేడు. "వస్తువు తనంతట తాను తిరిగింది!"

"తిరుగుద్దండి" అంది సూరమ్మ. "అదే పెద్ద లోపం. ఎన్నిసార్లు సరిచేసినా తిరిగిపోద్ది."

కమిటీ రాసింది. మరమ్మతుకు లొంగదు. కండెం.

రిజిస్టర్లోంచి కొట్టేసేరు. వేలమయ్యేదాకా వస్తువుని బయట ఉంచాలని రూలు. రెండో పచ్చ మళ్ళీ మాయమైంది. నాలుగూ పాతిక మళ్ళీ ఆగింది. బుల్లబ్బాయిగారు సమితి సభ్యులకి లడ్లు పంచేరు. వేలంలో తనే పాడి, నూకరాజుని శాశ్వతంగా సమితి సొత్తు చేస్తానని శపథం పట్టేరు.

*

వేలం రోజు ప్లాట్‌ఫాం నిండా జనం. కండెం సామాన్లు వరసగా పెట్టేరు. కాళ్ళు విరిగిన స్టూలు, కన్నం పడ్డ నీళ్ళ డ్రమ్ము, నూకరాజు. స్టూలు ఎవరో పట్టుకెళ్ళేరు. డ్రమ్ముని ఎవరూ అడగలేదు.

"తదుపరి. నిలువు మనిషి, ఒకటి. ఎక్కడున్నది అక్కడే, ఎట్లున్నది అట్లే. తర్వాత ఫిర్యాదులు స్వీకరించబడవు" అని చదివేరు చక్రపాణిగారు.

బుల్లబ్బాయిగారు చెయ్యెత్తేరు. సూరమ్మ చెయ్యెత్తింది. ఆయన మళ్ళీ ఎత్తేరు. ఆవిడ మళ్ళీ ఎత్తింది. బుల్లబ్బాయిగారికి ఎరువుల కొట్టుంది, సూరమ్మకి చెయ్యి తప్ప ఏమీ లేదు. నూకరాజు పట్టాల వైపు చూసేడు. ఈయన కొంటే ఇక జన్మలో బండి చూడ్డం లేదు.

సూరమ్మ చెయ్యి దించి, నడుం మీద పెట్టుకుంది. "బుల్లబ్బాయిగారూ, కొని ఏం చేస్తారండి?"

"మా ఇంట్లో కూర్చోబెడతానమ్మా. బయటకి రానివ్వను. ఊరి మేలు కోసం."

"మంచిదే బాబూ. పొద్దున్న అయిదింటికి టీ కావాలి. అల్లం దంచెయ్యాలి, తురిమితే తాగడు. చద్దన్నంలోకి ఉల్లిపాయ చితక్కొట్టాలి, కోస్తే తినడు. మధ్యాహ్నం పడుకుంటే ఇంట్లో ఎవరూ గిన్నె చప్పుడు చెయ్యకూడదు. సాయంత్రం నాలుగింటికి బండి చూడనివ్వకపోతే రాత్రి తెల్లవార్లూ బండి గురించే చెప్తాడు. మీ గది పక్క గదే కదా ఖాళీ? గురక సంగతి మీరూ వినే ఉంటారు, మొన్న కమిటీకి చెప్పేను కదా..."

జనంలోంచి ఒక గొంతు లేచింది. "ఏవండీ! చెయ్యి దించండి!"

బుల్లబ్బాయిగారి భార్య అది. ఆయన చెయ్యి దానంతటదే దిగిపోయింది.

"ఒకటోసారి. రెండోసారి. మూడోసారి" అని చక్రపాణిగారు సుత్తి కొట్టేరు. "సూరమ్మగారికి."

పనసమెట్టలో సూరమ్మకి ఇది రెండో పెళ్ళి, అదీ అదే మనిషితో, అని జనం నవ్వుకున్నారు. బుల్లబ్బాయిగారు మాత్రం మొహం వేలాడేసుకుని బల్ల మీద కూర్చుండిపోయేరు. ముప్పయ్యొక్కేళ్ళ ఉద్యమం చేతిదాకా వచ్చి జారిపోయింది పాపం. సూరమ్మ ఆయన దగ్గరికెళ్ళింది.

"మీ కోడలు ఆసుపత్రికి ఎప్పుడెళ్ళాలండి?"

"వారం వారం... ఏ రోజైనా పర్లేదమ్మా."

"సోమవారం అని చెప్పండి. సోమవారం నా సరుకు నేను బయటకి తియ్యను. ఆరోజు మోకాలు నొప్పి."

బుల్లబ్బాయిగారు కాసేపు లెక్కేసుకున్నారు. అర్జీ లేదు, సంతకం లేదు, మంత్రిగారు లేరు. వారానికొక హాల్టు! కళ్ళు తుడుచుకుని దణ్ణం పెట్టేరు.

ఇంక మిగిలింది సరుకు పట్టుకెళ్ళడం. ప్రసన్నకుమార్‌గారు వేలం షరతుల కాగితం తీసేరు. ఆయన ఎప్పుడూ రూలు దాటి ఒక్క గీత గీసిన మనిషి కాడు. కానీ రూలు లోపల ఎంత చోటుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

"అమ్మా, కొన్న సరుకు పట్టుకెళ్ళేదాకా స్టేషన్లోనే ఉండొచ్చు. కొన్నవాళ్ళు రోజూ వచ్చి చూసుకోవచ్చు, దానికి పాసిస్తాం. ఎప్పట్లోగా పట్టుకెళ్ళాలి అన్నచోట 'కొనుగోలుదారు సౌకర్యార్థం' అని రాయనా?"

"రాయండి బాబూ."

చక్రపాణిగారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసేరు. తప్పు దొరకలేదు. "ముఖం ఏ దిక్కుకు?" అని మాత్రం అడిగేరు.

"కండెం సరుక్కి దిక్కేముంటుందండీ" అన్నారు ప్రసన్నకుమార్‌గారు.

మర్నాడు మంగళవారం. నాలుగింటికి సూరమ్మ పాసు చూపించి లోపలికొచ్చింది. పెళ్ళై ముప్పయ్యారేళ్ళైనా మొగుడితో స్టేషన్‌కి రావడం అదే మొదటిసారి. టేకు బల్ల మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, పనసతొనల పొట్లం విప్పింది.

"ఈ పట్టాలు చూడ్డానికా ఇన్నేళ్ళు..." అని ఏదో అనబోయింది. అంతలో పట్టాలు పాడేయి. పావురాలు లేచేయి. నూకరాజు పడమర వైపు తిరిగి, తువ్వాలెత్తి నిలబడ్డాడు. బండి వచ్చి పడింది. సూరమ్మ లేచి నిలబడి తొనల పొట్లం గుండెలకి హత్తుకుంది. జుట్టు ముడి ఊడిపోయింది. ఇరవై రెండు పెట్టెలూ వెళ్ళేదాకా తెరిచిన నోరు మూయలేదు.

ఆఖరి పెట్టెలో గార్డు, నెలపాటు వీపు మాత్రమే చూసిన మనిషి మొహం చూసి, జెండా ఊపడం ఆపి చెయ్యే ఊపేసేడు. పక్కన జుట్టు విరబోసుకుని నిలబడ్డ ఆవిడకి కూడా కలిపి.

దుమ్ము సర్దుకుంది. సూరమ్మ ఊడిన జుట్టు ముడేసుకుంటూ బండి వెళ్ళిన వైపే చూసింది. 

ఆరింటికి ప్రసన్నకుమార్‌గారు చీటీ పుస్తకం పట్టుకుని వచ్చేరు. "ఏమ్మా, సరుకు బాగుందా? పట్టుకెళ్ళిపోతారా ఇంక?"

సూరమ్మ మొగుణ్ణి కిందనుంచి పైదాకా ఒకసారి పరీక్షగా చూసింది. తర్వాత సిగ్నల్ వైపు చూసింది.

"ఇంకా సరిగ్గా చూసుకోలేదు బాబూ" అంది. "ఇంకో బండేదో ఉందంటన్నాడు కదా ఆరున్నరకి. అది కూడా వెళ్ళేక చెప్తాను."